మోర్స్ చెవికి పట్టాలంటే: మొదటి అక్షరం నుంచి నిమిషానికి 20 పదాల దాకా

మోర్స్ కోడ్ (అక్షరాలను పొట్టి, పొడుగు శబ్దాలుగా, అంటే చుక్కలూ గీతలుగా పంపే సంకేతాలు) నేర్చుకుందామనుకున్నవాళ్లు ముందుగా చేసే పని చుక్కలూ గీతల పట్టికను ప్రింట్ తీసి గోడకు అంటించడం. ఆ పట్టికను తీసేయండి. దాన్ని చూసి నేర్చుకుంటే అక్షరం కంటితో మనసులో పడుతుంది. రేడియోలో మాత్రం అక్షరం చెవికి వస్తుంది. అప్పుడు చెవి విన్నదాన్ని చుక్కలుగా లెక్కపెట్టి, ఆ లెక్కను పట్టికలో వెతికి, దొరికిన అక్షరాన్ని రాయాలి. ఇన్ని మెట్లు ఎక్కడానికి నిమిషానికి ఆరేడు పదాల దగ్గర టైం సరిపోతుంది. పది పదాల దగ్గర సరిపోదు. "ఎనిమిది దాకా వచ్చాను, ఆ పైన ఎంత కొట్టుకున్నా పెరగట్లేదు" అనేవాళ్లలో ఎక్కువమంది ఇలా పట్టికతో మొదలుపెట్టినవాళ్లే. పాత అలవాటును పోగొట్టుకోవడం కొత్తగా నేర్చుకోవడం కన్నా కష్టం. కాబట్టి మొదటి రోజు నుంచే చెవితో నేర్చుకోవాలి.

ముందు కొలతలు చూద్దాం. మోర్స్‌లో చుక్క పొడవే ప్రమాణం. గీత మూడు చుక్కలంత ఉంటుంది. ఒకే అక్షరంలోని చుక్కా గీతల మధ్య ఒక చుక్కంత విరామం, అక్షరానికీ అక్షరానికీ మధ్య మూడు చుక్కలంత, పదానికీ పదానికీ మధ్య ఏడు చుక్కలంత విరామం ఉండాలి. ఛందస్సు చదువుకున్నవాళ్లకు ఇది లఘువు, గురువులాగే అనిపిస్తుంది, కాకపోతే ఇక్కడ గురువుకు రెండు మాత్రలు కాదు, మూడు. వేగాన్ని "ప్యారిస్" అనే ఇంగ్లిష్ పదంతో కొలుస్తారు. చివరి విరామంతో కలిపి ఆ పదం సరిగ్గా 50 ప్రమాణాలు. మిల్లీసెకన్లలో చుక్క పొడవు కావాలంటే 1200ని వేగంతో భాగించాలి. నిమిషానికి 20 పదాల దగ్గర చుక్క 60 మిల్లీసెకన్లు, గీత 180. ఎనిమిది పదాల దగ్గర చుక్క 150, గీత 450. ఆంధ్రా ప్యారిస్ అని పిలుచుకునే తెనాలిని ఇంగ్లిష్ అక్షరాల్లో పంపితే 48 ప్రమాణాలు వస్తాయి. అసలు ప్యారిస్‌కు రెండే తక్కువ!

అక్షరాలను ఎప్పుడూ శబ్దాలుగానే గుర్తుపెట్టుకోవాలి. చుక్క "డిట్", అక్షరం చివర కాకుండా వస్తే "డి", గీత "డా". కే అంటే డా-డి-డా. ఆర్ అంటే డి-డా-డిట్. "గీత, చుక్క, గీత" అని ఒక్కసారి కూడా అనుకోకండి. కొన్నాళ్లకు ఈ డా-డి-డా కూడా మనసులో వినిపించడం మానేసి, శబ్దం చెవిన పడగానే కే అని చేయి రాసేయాలి. సాధన అంతా దానికోసమే.

వేగం మొదట, అక్షరాలు తర్వాత

1930ల్లో లుడ్విగ్ కోఖ్ అనే జర్మన్ మనస్తత్వ శాస్త్రవేత్త ప్రతిపాదించిన పద్ధతినే ఇప్పటికీ ఎక్కువమంది వాడుతున్నారు. నెమ్మదిగా అన్ని అక్షరాలూ నేర్చుకుని తర్వాత వేగం పెంచడం కాకుండా, చేరాలనుకున్న వేగంతోనే మొదలుపెట్టి అక్షరాలను ఒక్కొక్కటిగా చేర్చుకుంటూ పోవడం ఈ పద్ధతి. మొదటి రోజు రెండే అక్షరాలు, కే, ఎం. నూటికి తొంభై సరిగ్గా రాస్తే మూడోది చేరుతుంది. మళ్లీ తొంభై వస్తే నాలుగోది.

దీనికి డబ్బు ఖర్చు పెట్టక్కర్లేదు. ఎల్‌సీడబ్ల్యూఓ అనే ఉచిత వెబ్‌సైటు ఫోన్ బ్రౌజర్‌లోనే పనిచేస్తుంది. విండోస్ కంప్యూటర్ ఉంటే జీ4ఎఫ్‌ఓఎన్ వారి కోఖ్ ట్రెయినర్ అనే ప్రోగ్రాం కూడా బాగుంటుంది. ఎల్‌సీడబ్ల్యూఓలో వరస ఇలా ఉంటుంది: కే, ఎం, యూ, ఆర్, ఈ, ఎస్, ఎన్, ఏ, పీ, టీ, ఎల్, డబ్ల్యూ, ఐ, ఫుల్‌స్టాప్, జే, జెడ్... ఇలా 41 గుర్తులు, 40 పాఠాలు. ఎల్‌సీడబ్ల్యూఓ, కోఖ్ ట్రెయినర్ రెండింటి వరస ఒకటి కాదు. మధ్యలో ఒకదాన్నుంచి ఇంకొకదానికి మారితే గందరగోళమే, అందుకే మొదట్లోనే ఒకటి ఎంచుకుని దానికే కట్టుబడండి.

సెట్టింగుల్లో రెండు వేగాలు కనిపిస్తాయి. ఒకటి అక్షర వేగం, రెండోది మొత్తం వేగం. అక్షరాన్ని 20 పదాల వేగంతో పంపి, అక్షరాల మధ్య విరామాన్ని మాత్రం పెంచడాన్ని ఫార్న్స్‌వర్త్ పద్ధతి అంటారు. అక్షర వేగం 20, మొత్తం వేగం 10 పెట్టుకోండి. చాలామంది భయపడి మొత్తం వేగాన్ని 5కు దించేస్తారు. అది వద్దు. విరామం అంత పెద్దదైతే విన్న శబ్దాన్ని మనసులో మళ్లీ వేసుకుని చుక్కలు లెక్కపెట్టుకునే తీరిక దొరుకుతుంది. ఏ జబ్బు రాకుండా చూసుకుంటున్నామో అదే దొడ్డిదారిన వస్తుంది. పదితో మొదటి వారం ఇబ్బందిగానే ఉంటుంది. మరీ కష్టమైతే 8కి దించండి, దానికన్నా కిందికి వద్దు. అక్షర వేగాన్ని మాత్రం 18 కంటే తగ్గించకండి. హెచ్‌లో నాలుగు చుక్కలు. 20 దగ్గర ఆ అక్షరం మొత్తం 420 మిల్లీసెకన్లలో అయిపోతుంది. లెక్కపెట్టడం సాధ్యం కాదు కాబట్టి చెవి గత్యంతరం లేక ఆకారాన్ని పట్టుకుంటుంది.

టోన్ 550 నుంచి 650 హెర్ట్జ్ మధ్య పెట్టుకోండి. కొన్ని యాప్‌లలో ముందే ఉండే 800 గంటసేపు వింటే చెవులు అలసిపోతాయి. ఇయర్‌ఫోన్స్ వైరుతో ఉన్నవి మేలు. కొన్ని బ్లూటూత్ ఇయర్‌ఫోన్స్ నిశ్శబ్దం రాగానే నిద్రలోకి జారుకుని, తర్వాతి అక్షరం మొదటి చుక్కను మింగేస్తాయి. అప్పుడు ఎస్ కాస్తా ఐలా వినిపిస్తుంది, తప్పు మన చెవిది అనుకుంటాం.

రోజూ ఎంతసేపు, ఎలా

ఒకేసారి గంట కూర్చోవడం కన్నా రోజుకు మూడుసార్లు, విడతకు పదిహేను నిమిషాల చొప్పున చేయడం ఎక్కువ ఫలితం ఇస్తుంది. ఇరవై నిమిషాలు దాటాక తప్పులు పెరుగుతాయి. ఆ తప్పులనే చెవి నేర్చుకుంటుంది. పొద్దున్నే ఒక విడత, రాత్రి ఒక విడత కాగితం మీద రాస్తూ చేయండి. మధ్య విడత ప్రయాణంలో, రాయకుండా. విజయవాడ, గుంటూరు మధ్య రోజూ రైల్లో తిరిగే ఉద్యోగులకు ఈ ప్రయాణపు విడత తేలిగ్గా దొరుకుతుంది. బండి చప్పుడులో వినడం కూడా పనికొస్తుంది, రేడియోలో గోల ఇంతకన్నా ఎక్కువే ఉంటుంది. బైకు మీద మాత్రం వద్దు.

పదిహేను నిమిషాల విడతను ఇలా వాడుకోండి. మొదటి రెండు నిమిషాలు కొత్త అక్షరం ఒక్కటే, ఇరవై ముప్పైసార్లు. తర్వాత ఒక్కో నిమిషం చొప్పున ఐదక్షరాల గుంపులు. మొత్తం వేగం 10 దగ్గర నిమిషానికి దాదాపు 50 అక్షరాలు వస్తాయి, 45 సరిగ్గా ఉంటే గట్టెక్కినట్టే. ఒక్కసారి 90 రాగానే ముందుకు పోవద్దు, వరసగా మూడుసార్లు రానివ్వండి. నూటికి నూరు కోసం ఒకే పాఠంలో వారాల తరబడి కూర్చోవడం కూడా తప్పే. పాత అక్షరాలు తర్వాతి పాఠాల్లో ఎలాగూ తిరిగి వస్తూనే ఉంటాయి.

జారిపోయిన అక్షరాన్ని వదిలేయడం రావాలి. వేగం విషయంలో దీనికి మించిన మెళకువ ఇంకొకటి లేదు. ఒక అక్షరం తెలియలేదనుకోండి. "అదేంటబ్బా" అని ఆలోచిస్తున్నంతలో మరో మూడు వెళ్లిపోతాయి. పోయింది ఒకటి, నష్టం నాలుగు. తెలియనిచోట చిన్న అడ్డగీత గీసి చేయి కదిలిపోవాలి. మీ కాగితం చూస్తే విషయం బయటపడుతుంది. తప్పులు అక్కడొకటి ఇక్కడొకటి ఉంటే అక్షరాలు ఇంకా పట్టుబడలేదని అర్థం. నాలుగైదు తప్పులు ఒకేచోట గుంపుగా ఉంటే అక్షరాలు వచ్చు గానీ వదలడం రాలేదని అర్థం. మొదటిదానికి మందు ఆ అక్షరాల మీద అదనపు సాధన. రెండోదానికి కొంచెం ఎక్కువ వేగంతో, అందీ అందకుండా పోయే పాఠం పెట్టుకుని, పోయినవాటిని పోనిస్తూ రాయడం.

రాత కూడా వేగాన్ని ఆపుతుంది. ఫారం నింపినట్టు విడివిడిగా పెద్దక్షరాలు రాస్తే 15 పదాల తర్వాత చేయి వెనకబడుతుంది. చిన్నక్షరాలను కలిపి రాసే పద్ధతి మంచిది. మీ రాతలో ఈ, ఐ, ఎల్ ఒకదానికొకటి పోలకుండా చూసుకోండి. 25 దాటాక కాగితంతో లాభం లేదు, కీబోర్డు మీద టైపు చేయాలి, లేదా అసలు రాయకుండా మనసులోనే చదువుకోవాలి.

రోజూ చేసేవాళ్లకు 40 పాఠాలు పూర్తికావడానికి సాధారణంగా రెండు నుంచి నాలుగు నెలలు పడుతుంది. నాలుగు రోజులు మానేస్తే రెండు పాఠాలు వెనక్కి వెళ్లి మొదలుపెట్టండి, ఉన్నచోటనే కొట్టుకోకండి.

తికమక పెట్టే జంటలు

అందరికీ తడబాటు వచ్చే గుంపులు దాదాపు ఇవే. ఎస్, హెచ్, 5: మూడు, నాలుగు, ఐదు చుక్కలు. యూ, వీ, 4: రెండు, మూడు, నాలుగు చుక్కల తర్వాత ఒక గీత. డీ, బీ, 6: గీత తర్వాత రెండు, మూడు, నాలుగు చుక్కలు. డబ్ల్యూ, జే, 1: చుక్క తర్వాత రెండు, మూడు, నాలుగు గీతలు. వీటిలో తేడా పొడవులోనే ఉంది. ఎల్, ఎఫ్ జంట వేరే రకం. ఎల్ డి-డా-డి-డిట్, ఎఫ్ డి-డి-డా-డిట్. పొడవు ఒకటే, గీత ఉన్న చోటు మారింది. క్యూ, వై కూడా అంతే: డా-డా-డి-డా, డా-డి-డా-డా.

తికమక వచ్చినప్పుడు వేగం తగ్గించాలనిపిస్తుంది. దానికి బదులు పెంచి చూడండి. అక్షర వేగం 25 పెట్టి హెచ్, 5, ఎస్ మాత్రమే ఉన్న గుంపులు ఐదు నిమిషాలు వినండి. ఆ వేగంలో 5 చిన్న తుంపరలా సాగుతుంది, ఎస్ చటుక్కున తెగిపోతుంది, తేడా మొత్తం శబ్దంలో తెలుస్తుంది. తర్వాత 20కి దిగితే తీరిగ్గా వినిపిస్తాయి. ఎల్, ఎఫ్‌లకు మాత్రం వేగం కన్నా ఊపు ముఖ్యం, గీత ఎక్కడ పడుతుందో దాన్ని బట్టి నోటితో పలకడం పనిచేస్తుంది. ఇలాంటి జంటలను ఒకేరోజు కలిపి నేర్చుకోవద్దు. ఒకటి పూర్తిగా వచ్చాకే రెండోది. కోఖ్ వరసలో ఇవి చాలావరకు దూరదూరంగా ఉండటం మంచిదయింది.

అంకెలు కష్టమనిపించడానికి కారణం సాధనలో అవి తక్కువగా రావడమే. రోజూ రెండు నిమిషాలు అంకెలు మాత్రమే పెట్టుకోండి. ఫోన్ నంబర్లు, పిన్‌కోడ్లు, రైలు నంబర్లు, ఏవైనా పనికొస్తాయి. రేడియో పోటీల్లో 9కి బదులు ఎన్, సున్నాకు బదులు టీ పంపుతారు, అందుకే 599 అనే సిగ్నల్ రిపోర్టు "5ఎన్‌ఎన్" అని వినిపిస్తుంది. తెలియకపోతే మొదటిసారి తెల్లమొహం వేయాల్సిందే.

వేగం ఆగిపోయే మూడు చోట్లు

10 దగ్గర ఆగితే చుక్కలు లెక్కపెడుతున్నారని అర్థం. మొత్తం వేగం ఎంతున్నా అక్షర వేగాన్ని 22కో 25కో పెంచి ఒక వారం అక్షరాలు విడివిడిగా వినండి. ఒక్కో అక్షరం విన్న వెంటనే నోటితో చెప్పాలి. అర సెకను ఆలోచన పడితే అది రానట్టే లెక్క. అలా పట్టుబడని అక్షరాలు ఆరో ఏడో తేలతాయి. వాటినే పట్టుకోండి, మిగతావాటి మీద టైం వృథా చేయొద్దు.

14, 15 దగ్గర ఆగేది వేరే కారణంతో. అక్షరం విన్న క్షణమే రాసేస్తుంటారు, రాస్తున్నప్పుడు తర్వాతిది మొదలైపోతుంది. చేతిని చెవికన్నా ఒకటి రెండు అక్షరాలు వెనక నడిపించాలి. మొదట రెండక్షరాల గుంపులు పెట్టుకుని, గుంపు మొత్తం విన్నాకే రాయండి. తర్వాత మూడక్షరాలు, తర్వాత నాలుగు. చిరాకు పుట్టే సాధనే, కానీ రెండు వారాల్లో పట్టు చిక్కుతుంది. దీనికి తోడు పైవేగం సాధన చేయాలి: 15 వస్తుంటే రెండు నిమిషాలు 19 విని, సగం వచ్చినా ఫర్వాలేదనుకుని, మళ్లీ 16కి రావాలి. పదిహేను నుంచి నేరుగా పదహారుకు ఎక్కడం కన్నా ఇది సులువు. మొత్తం వేగాన్ని వారానికి ఒక పదం చొప్పున పెంచితే చాలు, తప్పులు నూటికి ఐదు దాటితే అక్కడే ఆగండి.

20 దగ్గర ఆగితే అక్షరాలు చదువుతున్నారు, పదాలు చదవట్లేదు. ఇక ఐదక్షరాల గుంపులు మానేసి పదాలు పట్టుకోవాలి. హ్యామ్‌ల (సరదాకు రేడియో నడిపే అమెచ్యూర్ల) సంభాషణలో మాటలు తక్కువ, అవే మళ్లీ మళ్లీ వస్తాయి. సీక్యూ (అందరికీ పిలుపు), డీఈ (నుంచి), యూఆర్ (మీ), ఆర్‌ఎస్‌టీ (సిగ్నల్ రిపోర్టు), నేమ్ (పేరు), క్యూటీహెచ్ (ఊరు), రిగ్ (రేడియో), యాంట్ (యాంటెన్నా), డబ్ల్యూఎక్స్ (వాతావరణం), హెచ్‌ఆర్ (ఇక్కడ), ఈఎస్ (మరియు), టీఎన్‌ఎక్స్ (థాంక్స్), ఎఫ్‌బీ (బాగుంది), ఓఎం (మిత్రమా), ఏజీఎన్ (మళ్లీ), పీఎస్‌ఈ (దయచేసి), సీయూఎల్ (మళ్లీ కలుద్దాం), 73 (శుభాకాంక్షలు). వీటిని ఒక్కో శబ్దంగా వినాలి. సీక్యూ అంటే డా-డి-డా-డిట్, డా-డా-డి-డా అని కాదు, మొత్తం ఒకే పలుకు. సందేశం ముగింపునో, మధ్యలో ఆగడాన్నో తెలిపే గుర్తులైన ఏఆర్, ఎస్‌కే, కేఎన్, బీటీ మధ్యలో విరామం లేకుండా కలిపి పంపుతారు కాబట్టి అవీ ఒక్కో అక్షరం లాంటివే.

పదాలకు మన దగ్గర మంచి సరుకుంది. మంగళగిరి, తెనాలి, రేపల్లె, బాపట్ల, నరసరావుపేట లాంటి ఊళ్ల పేర్లు, ఇంట్లోవాళ్ల పేర్లు, ఇంగ్లిష్ అక్షరాల్లో రాసిన తెలుగు వాక్యాలు ఒక ఫైల్లో వేసి, పాఠాన్ని మోర్స్‌గా మార్చే పేజీలో పెట్టి ఎంపీ3 చేసుకోండి. ఎల్‌సీడబ్ల్యూఓలోనే ఆ సదుపాయం ఉంది. ఇంగ్లిష్ పదాల్లో తర్వాతి అక్షరాన్ని ఊహించేస్తాం. ఆ ఊహ తప్పితే పదమంతా పోతుంది. మన ఊళ్ల పేర్లలో ఏ, యూ, ఐ తెగ వస్తాయి, ఊహకు లొంగవు, కాబట్టి చెవి మెలకువగా ఉంటుంది. రాయకుండా విని, ఊరి పేరు పూర్తికాగానే పైకి చెప్పాలి.

మీ ఊరి పేరు పంపడానికి ఎంతసేపు పడుతుందో కూడా చూసుకోండి. విజయవాడ 108 ప్రమాణాలు, గుంటూరు 60. 20 పదాల వేగంలో విజయవాడకు ఆరున్నర సెకన్లు, గుంటూరుకు మూడు పాయింట్ ఆరు. స్టేషన్ కోడ్ బీజెడ్‌ఏ పంపితే 38తో సరిపోతుంది గానీ, రైల్వేవాళ్లకు తప్ప ఎవరికీ అర్థం కాదు. సిగ్నళ్లు బలహీనంగా ఉన్నప్పుడు పొడుగు పేరు రెండుసార్లు పంపాల్సి వస్తుంది, అవతలివాళ్లు జే దగ్గరా వై దగ్గరా తప్పకుండా తడబడతారు.

కాల్‌సైన్లు (ఒక్కో స్టేషన్‌కు ఉండే గుర్తింపు అక్షరాలు, అంకెలు) విడిగా సాధన చేయాలి, వాటిలో ఊహకు ఆస్కారమే లేదు. రఫ్‌జెడ్ ఎక్స్‌పీ అనే ప్రోగ్రాం ఒక్కో కాల్‌సైన్ వినిపిస్తుంది. సరిగ్గా రాస్తే తర్వాతిది వేగంగా, తప్పితే నెమ్మదిగా వస్తుంది. మోర్స్ రన్నర్ పోటీ వాతావరణాన్నే కంప్యూటర్లో తెచ్చి పెడుతుంది, గోల, ఒకరిమీద ఒకరు పడి పిలవడం అన్నీ ఉంటాయి. మనకు దగ్గరి దేశాల ప్రిఫిక్సులు (కాల్‌సైన్ మొదట్లో వచ్చి దేశాన్ని తెలిపే భాగం) ముందు వంటబట్టాలి: శ్రీలంక 4ఎస్7, థాయ్‌లాండ్ హెచ్‌ఎస్, సింగపూర్ 9వీ, ఇండొనేషియా వైబీ, జపాన్ జేఏ, ఒమన్ ఏ4, యూఏఈ ఏ6.

గాలిలో వినడం

సాఫ్ట్‌వేర్ మోర్స్ శుభ్రంగా ఉంటుంది, గాలిలోది అలా ఉండదు. 15 పదాలు శుభ్రంగా రాసేవాళ్లు మొదటిరోజు రేడియో మీద పదికి పడిపోవడం మామూలే. అందుకే ఇరవై అక్షరాలు రాగానే వారానికి రెండుసార్లయినా నిజమైన సిగ్నళ్లు వినడం మొదలుపెట్టండి. రిసీవర్ లేకపోతే నెదర్లాండ్స్‌లోని ట్వెంటే విశ్వవిద్యాలయం వెబ్‌ఎస్‌డీఆర్‌ను (ఇంటర్నెట్‌లో వాడుకునే రిసీవర్‌ను) బ్రౌజర్లో తెరవొచ్చు. 7.000 నుంచి 7.030 మెగాహెర్ట్జ్ వరకు, 14.000 నుంచి 14.060 వరకు తిప్పండి. ఫిల్టర్ 500 హెర్ట్జ్ పెట్టండి. మొదటే 200కు బిగిస్తే సిగ్నల్ దొరకదు, దొరికినా మోగినట్టు సాగి చుక్కలు అతుక్కుంటాయి.

కొత్తవాళ్లకు మంచి పాఠం 14.100 మెగాహెర్ట్జ్ మీద ఉంది. అక్కడ ప్రపంచంలో వేర్వేరు చోట్లనున్న 18 బీకన్లు (వాటంతట అవే సిగ్నల్ పంపే స్టేషన్లు) వంతులవారీగా పది సెకన్ల చొప్పున పలుకుతాయి, మూడు నిమిషాలకు ఒక చుట్టు పూర్తవుతుంది. ఒక్కోటి తన కాల్‌సైన్‌ను 22 పదాల వేగంతో ఒక్కసారి పంపి, తర్వాత సెకను చొప్పున నాలుగు పొడుగు గీతలు పంపుతుంది. కాల్‌సైన్, మొదటి గీత 100 వాట్లు. తర్వాతివి 10, 1, 0.1 వాట్లు. కొలంబోలోది 4ఎస్7బీ, హాంగ్‌కాంగ్‌ది వీఆర్2బీ. ఈసారి అందకపోతే మూడు నిమిషాల్లో అదే మళ్లీ వస్తుంది, కాబట్టి నెమ్మదిగా పట్టుకోవచ్చు. ఎన్ని గీతలు వినిపించాయో చూస్తే ఆ వైపు దారి ఎంత తెరుచుకుందో కూడా తెలుస్తుంది.

సరైన వేగానికి అమెరికా హ్యామ్‌ల సంఘమైన ఏఆర్‌ఆర్‌ఎల్ వారి డబ్ల్యూ1ఏడబ్ల్యూ స్టేషన్ సాధన పాఠాలు 5 నుంచి 40 పదాల దాకా ఫైళ్లుగా దొరుకుతాయి, చదివిన పాఠం కూడా పక్కనే ఉంటుంది కాబట్టి సరిచూసుకోవచ్చు. వేగం 20 దాటనివ్వని ఎస్‌ఎస్‌టీ అనే చిన్న పోటీ మన టైంలో సోమవారం ఉదయం 5:30కు గంటసేపు జరుగుతుంది, అమెరికాలోని ఏదైనా వెబ్ రిసీవర్‌లో వినండి. పంపేవన్నీ ఒక పేరు, ఒక రాష్ట్రమే. 25 వచ్చాక బుధవారం సాయంత్రం 6:30కు మొదలయ్యే సీడబ్ల్యూటీ అనే పోటీ వినండి.

సొంత రిసీవర్ పెట్టుకున్నవాళ్లకు మన ఊళ్లలో పెద్ద తలనొప్పి ఇంటి గోల. ఎల్‌ఈడీ బల్బులు, ఇన్వర్టర్, ఫోన్ చార్జర్లు 40 మీటర్ల బ్యాండును (పైన చెప్పిన 7 మెగాహెర్ట్జ్ ప్రాంతాన్ని) బురుబురుమనిపిస్తాయి. రిసీవర్‌ను బ్యాటరీ మీద పెట్టి, మెయిన్ స్విచ్ తీసి చూడండి. గోల తగ్గితే దొంగ ఇంట్లోనే ఉన్నాడు, ఒక్కో ఎంసీబీ వేస్తూ పట్టుకోవచ్చు. తగ్గకపోతే పక్కింటిదో, వీధి దీపాలదో. ఏప్రిల్, మే సాయంత్రాల్లో ఉరుములు మొదలైతే 40 మీటర్ల మీద పటపటలు అక్షరాలను మధ్యలో నరికేస్తాయి. యాంటెన్నా తీసేసి ఆ పూట రికార్డింగులతో సరిపెట్టుకోవడం క్షేమం. డిసెంబరు, జనవరి రాత్రులు ప్రశాంతంగా ఉంటాయి.

పంపడం, ఒక చిన్న ఓసిలేటర్

పది పన్నెండు అక్షరాలు చెవికి వచ్చాకే కీ (మోర్స్ పంపడానికి నొక్కే మీట) ముట్టుకోండి. అంతకుముందే మొదలుపెడితే తప్పు లయ చేతికి పట్టి, అదే చెవికి ఎక్కుతుంది. ఓసిలేటర్ (టోన్ మోగించే చిన్న సర్క్యూట్) మీద సాధనకు హ్యామ్ లైసెన్సు అక్కర్లేదు. ట్రాన్స్‌మిటర్‌కు కలిపి గాలిలోకి పంపాలంటే మాత్రం లైసెన్సు ఉండాల్సిందే.

ఓసిలేటర్‌కు కావాల్సినవి: ఎన్‌ఈ555 ఐసీ ఒకటి, 1 కిలో ఓమ్ రెసిస్టర్ ఒకటి, 10 కిలో ఓమ్‌వి రెండు, 100 ఓమ్‌ది ఒకటి, 104 అని రాసి ఉండే 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్, 103 అని ఉండే 0.01, 10 మైక్రోఫారడ్ ఎలక్ట్రోలిటిక్, 8 ఓమ్‌ల చిన్న స్పీకర్, 9 వోల్టుల బ్యాటరీ. ఎలక్ట్రానిక్ పార్టుల షాపులో అన్నీ దొరుకుతాయి. ఒకటో పిన్ నెగటివ్‌కు, ఎనిమిదో పిన్ పాజిటివ్‌కు. పాజిటివ్ నుంచి ఏడో పిన్‌కు 1 కిలో, ఏడు నుంచి ఆరుకు 10 కిలో. రెండు, ఆరు కలిపి అక్కణ్నుంచి నెగటివ్‌కు 0.1. ఐదో పిన్ నుంచి నెగటివ్‌కు 0.01. మూడో పిన్ నుంచి 100 ఓమ్, 10 మైక్రోఫారడ్ వరసగా స్పీకర్‌కు, స్పీకర్ రెండో కొస నెగటివ్‌కు, కెపాసిటర్ ప్లస్ కొస ఐసీ వైపు. నాలుగో పిన్ నుంచి నెగటివ్‌కు రెండో 10 కిలో. కీని పాజిటివ్‌కూ నాలుగో పిన్‌కూ మధ్య కలపండి. టోన్ సుమారు 685 హెర్ట్జ్ వస్తుంది. కొంచెం తగ్గించాలంటే ఏడు, ఆరు మధ్యనున్న 10 కిలోను 12 కిలోగా మార్చండి, 575 దగ్గరికి వస్తుంది. కీని బ్యాటరీ వైరులోనే పెట్టేవాళ్లున్నారు. అలా పెట్టి, కీ తర్వాత సప్లై మీద పెద్ద కెపాసిటర్ కూడా ఉంటే కీ వదిలాక కూడా టోన్ తోకలా సాగుతుంది. కీ నొక్కకపోయినా మోగుతుంటే నాలుగో పిన్ రెసిస్టర్ కొస ఊడింది.

స్ట్రెయిట్ కీని (పైనుంచి కిందికి నొక్కే మామూలు కీని) బల్లకు కదలకుండా బిగించండి. ముంజేయి బల్ల మీద ఆనాలి, కదలిక మణికట్టులోంచి రావాలి, వేళ్లు మాత్రమే ఆడిస్తే పది నిమిషాల్లో చేయి పట్టేస్తుంది. కాంటాక్టుల మధ్య విజిటింగ్ కార్డు దూరేంత సందు చాలు. సందు ఎక్కువైతే చుక్కలు పొట్టివవుతాయి, తక్కువైతే అతుక్కుంటాయి. అందరూ చేసే తప్పు చుక్కల్లో ఉండదు, విరామాల్లో ఉంటుంది. అక్షరాల మధ్య విరామం మింగేసి ఏ, ఎన్ కలిపి పంపితే అవతల పీలా వినిపిస్తుంది. మీరు పంపింది ఫోన్లో రికార్డు చేసి, మర్నాడు మీరే రాసి చూడండి. మీ మోర్స్ మీకే అర్థం కాకపోతే ఇంకెవరికీ కాదు. ప్యాడిల్, కీయర్ (చుక్కలూ గీతలూ తానే కొలిచి పంపే పరికరం) తర్వాతి సంగతి. 15 దాటాక మారితే చేతికి హాయి.

గుంటూరులో ఒకరు, విజయవాడలో ఒకరు జతగా సాధన చేస్తుంటే ఫోన్ కాల్లో ఓసిలేటర్ వినిపించుకోకండి. ఫోన్లు ఆగకుండా వచ్చే టోన్‌ను గోల అనుకుని అణిచేస్తాయి, చుక్కలు తెగిపోతాయి. రికార్డు చేసిన ఫైలునే పంపుకోవడం నయం.

హ్యామ్ లైసెన్సు పరీక్షకు వెళ్లేవాళ్లకు

తర్వాత సవరించిన 1978 నాటి అమెచ్యూర్ సర్వీస్ నిబంధనల ప్రకారం రిస్ట్రిక్టెడ్ గ్రేడుకు మోర్స్ లేదు, జనరల్ గ్రేడుకు నిమిషానికి 8 పదాల చొప్పున వినడం, పంపడం రెండూ ఉన్నాయి. దరఖాస్తు పెట్టే ముందు తాజా నోటిఫికేషన్ చదువుకోండి, నిబంధనలకు సవరణలు వస్తుంటాయి. వినే పరీక్ష ఐదు నిమిషాలు, 200 అక్షరాలు, అంకె లేదా విరామచిహ్నం రెండక్షరాలుగా లెక్క. ఐదు తప్పులు దాటకూడదు. రాసిన అక్షరం మీదే దిద్దితే అది తప్పుగానే పడుతుంది, కొట్టేసి పక్కన విడిగా రాయాలి. చిన్నక్షరాలు కలిపి రాసేవాళ్లు ఇక్కడ చదవడానికి వీలుగా, కాస్త విడివిడిగా రాయాలి. 8 పదాల దగ్గర అందుకు టైం ఉంటుంది.

20 వేగంతో నేర్చుకున్నవాళ్లకు ఇక్కడ ఒక ఇరకాటం వస్తుంది. అసలైన 8 వేగంలో గీత ఒక్కటే 450 మిల్లీసెకన్లు. అక్షరం సాగి సాగి వస్తుంటే చెవి దాన్ని ముక్కలుగా కోసి ఎన్‌ను టీ, ఈ అని వింటుంది. పరీక్షకు రెండు వారాల ముందు అక్షర వేగాన్ని రోజుకు ఒకటి చొప్పున దించుతూ 8 దాకా రండి, మొత్తం వేగం కూడా 8. ఫుల్‌స్టాప్, కామా, ప్రశ్నార్థకం, హైఫన్, సెమీకోలన్ చూసుకోండి. ఎల్‌సీడబ్ల్యూఓ పాఠాల్లో చివరి రెండూ లేవు. హైఫన్ డా-డి-డి-డి-డి-డా, సెమీకోలన్ డా-డి-డా-డి-డా-డిట్. పంపే పరీక్షకు స్ట్రెయిట్ కీ మీదే సాధన చేసి వెళ్లండి, అక్కడి కీ స్ప్రింగు మీ ఇంటి కీలా ఉండదు. మొదలుపెట్టే ముందు వీ అక్షరాన్ని నాలుగుసార్లు కొట్టి చేతికి అలవాటు చేసుకోనివ్వమని అడగండి.